లింక్‌డిన్ ప్రొఫైల్‌లో రొయ్యల చెరువుల పని ఎలా రాయాలి? భీమవరం సైడు తెలిసినోళ్లు కాస్త చెప్పండి

గట్టుమీద_టెక్నీషియన్:

అందరికీ నమస్కారం అండి. మాది భీమవరం దగ్గర ఉండి అనే ఊరి పక్కన పల్లెటూరు, బీఎస్సీ ఆక్వా చేశాను, ఇప్పుడొక రొయ్యల ఫీడ్ (మేత) కంపెనీలో పని. పొద్దున్నే బండేసుకుని చెరువుల మీద పడ్డం, మేత ఎంత తిన్నాయో చెక్ ట్రేలు చూడ్డం, వల వేయించి బరువు చూడ్డం, నీళ్లు టెస్ట్ చేయడం, రేటు పడిపోయిన రోజు రైతు మన మీద అరిస్తే వినడం, ఈ సైడు వాళ్లకి నేను కొత్తగా చెప్పేదేముంది.

2025లో అమెరికా వాడు సుంకాలు పెంచేసినప్పుడు ఇక్కడ మార్కెట్ ఎలా ఊగిపోయిందో చూశారుగా, అప్పట్నుంచి మనసులో ఒకటే, ఈ ఫీల్డ్ నుంచి రొయ్య పిల్లల్ని తీసే హేచరీకి గానీ ప్రాసెసింగ్ ప్లాంట్‌లో క్వాలిటీకి గానీ మారిపోవాలని, కుదిరితే సౌదీ ఒమన్ సైడు ఫారాలకైనా సరే. హైదరాబాద్‌లో ఉన్న ఫ్రెండొకడు లింక్‌డిన్ బాగు చేసుకోరా అన్నాడు. కాలేజీలో ఎవరో ఓపెన్ చేయిస్తే చేసిన అకౌంట్ ఉంది, అందులో ఇప్పటికీ స్టూడెంట్ అనే ఉంది, ఫొటో మా బావ పెళ్లిలోది, పక్కన ఎవరిదో భుజం కూడా కనపడతది.

డౌట్లు ఇవండి. మొదటిది, డిగ్రీ అయ్యాక రెండేళ్లు ఉద్యోగం చెయ్యలేదు, నాన్నతో కలిసి మా సొంత రెండెకరాలు వనామీ రొయ్య వేశాం, చివరి పంటకి వైట్ స్పాట్ జబ్బు వచ్చి ఆపేసి నేను ఉద్యోగంలోకి వచ్చాను, ఆ రెండేళ్లు ఖాళీగా చూపించాలా? రెండోది, నా ఆఫర్ లెటర్‌లో సేల్స్ ఆఫీసర్ అని ఉంది, చేసేది మాత్రం అంతా టెక్నికల్ పని. మూడోది, ఇది సెట్ చేస్తుంటే మా ఏరియా మేనేజర్‌కి తెలిసిపోద్దా? అన్నిటికన్నా పెద్దది నా ఇంగ్లీష్. ఏఐ వాడితో రాయిస్తే ఇలా ఇచ్చాడు: "హైలీ మోటివేటెడ్ అండ్ రిజల్ట్స్ డ్రివెన్ ప్రొఫెషనల్ విత్ ఎ ప్యాషన్ ఫర్ సస్టెయినబుల్ ఆక్వాకల్చర్". చదూతుంటే నాకే ఇది ఎవరి గురించో అనిపించింది. పెట్టెయ్యమంటారా?

కొబ్బరాకు:

పెట్టకు తమ్ముడూ, దండం పెడతా. మాది అమలాపురం, హైదరాబాద్‌లో రిక్రూటింగ్‌లో ఉన్నాను, ఎక్కువ ఫుడ్, ఫార్మా కంపెనీలకి మనుషుల్ని వెతుకుతాం. నువ్వు పెట్టిన ఆ లైన్ ఉంది చూడు, అది నాకు రోజూ కనపడతది, ఒకటే లైన్ వేరే వేరే మొహాల కింద. కళ్లు దాని మీద నుంచి జారిపోతాయి అంతే.

ముందు మేం ఎలా వెతుకుతామో చెప్తాను, అది తెలిస్తే ఏం రాయాలో నీకే అర్థమైపోద్ది. మేం ఒక్కొక్క ప్రొఫైల్ ఓపెన్ చేసి ఈ అబ్బాయి మంచోడా కాదా అని చదవం. రిక్రూటర్లకి విడిగా ఒక సెర్చ్ ఉంటది, అందులో జాబ్ టైటిల్, ఊరు, స్కిల్స్, కీవర్డ్స్ కొడతాం. ష్రింప్ అని, వనామీ అని, హేచరీ అని, వాటర్ క్వాలిటీ అని కొడతాం. ప్యాషన్ అని ఎవరన్నా కొడతారా? నీ ప్రొఫైల్ మొత్తంలో రొయ్య అనే మాటే లేకపోతే నువ్వు నాకు కనపడవు, నువ్వు ఎంత పనోడివైనా. లిస్టులో వచ్చాక కూడా నాకు కనపడేది ఫొటో, పేరు, దాని కింద హెడ్‌లైన్ ముక్క, ఊరు, ఇప్పుడు చేసే ఉద్యోగం, అంతే. అక్కడ నచ్చితేనే లోపలికి వస్తాం.

అందుకని హెడ్‌లైన్ మీద కూర్చో ముందు. 220 అక్షరాలు ఇస్తాడు గానీ ఫోన్లో మొదటి నాలుగైదు మాటలే కనపడతాయి కాబట్టి అసలు సంగతి ముందు పెట్టు. ష్రింప్ ఫార్మ్ టెక్నీషియన్, వనామీ, వాటర్ క్వాలిటీ అండ్ డిసీజ్ మానిటరింగ్, ఇలా ఉండాలి. లుకింగ్ ఫర్ ఆపర్చునిటీస్ అని మొదలెట్టావా, ఆ నాలుగు మాటలూ వేస్ట్.

ఆ రెండేళ్లూ ఖాళీ ఎందుకవుద్ది? అది నీ అనుభవంలో అన్నిటికన్నా బలమైంది. ఉద్యోగం చేసేవాడు సలహా చెప్తాడు, నువ్వు నీ డబ్బు పెట్టి పంట తీశావు. ఎక్స్‌పీరియన్స్‌లో విడిగా ఒక ఎంట్రీ పెట్టు, ఫ్యామిలీ ష్రింప్ ఫార్మ్, ఎన్ని ఎకరాలు, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, ఎకరాకి ఎంత సీడ్ (రొయ్య పిల్లలు) వేశారు, ఎన్ని రోజులకి ఎంత కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) వచ్చింది, ఎఫ్‌సీఆర్ (కిలో రొయ్యకి ఎన్ని కిలోల మేత పట్టింది) ఎంత. వైట్ స్పాట్ వచ్చిందని కూడా రాయొచ్చు, సిగ్గుపడాల్సింది ఏం లేదు, వచ్చినప్పుడు ఏం చేశావో ఒక లైన్ రాయి చాలు.

టైటిల్ మాత్రం ఆఫర్ లెటర్‌లో ఏముందో అదే. సేల్స్ ఆఫీసర్ అంటే సేల్స్ ఆఫీసరే. తర్వాత బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో కంపెనీకి ఫోన్ చేస్తే వాళ్లు సేల్స్ ఆఫీసర్ అంటారు, నీ ప్రొఫైల్‌లో టెక్నికల్ మేనేజర్ అని ఉంటే అక్కడితో ఆట క్లోజ్. కింద డిస్క్రిప్షన్‌లో చేసే పని వివరంగా రాసుకో, దానికి ఎవరూ ఏమనరు. హెడ్‌లైన్ నీ ఇష్టం, అది నువ్వు చేసే పనిని చెప్పేది, హోదా కాదు.

మేనేజర్ సంగతి. ఎడిట్ చేసే ముందు సెట్టింగ్స్‌లో ప్రొఫైల్ మార్పులు నెట్‌వర్క్‌కి తెలియజేసే ఆప్షన్ ఆపెయ్. ఓపెన్ టు వర్క్ పెట్టేటప్పుడు రెండు అడుగుతాడు, అందరికీనా, రిక్రూటర్లకి మాత్రమేనా అని. అందరికీ అంటే ఫొటో చుట్టూ ఆకుపచ్చ చక్రం వస్తది, అది వద్దు నీకు. రిక్రూటర్లకి మాత్రమే అని పెడితే మీ కంపెనీ రిక్రూటర్లకి కనపడకుండా చూస్తాం అంటాడు, కానీ గ్యారంటీ ఇవ్వం అని వాడే చెప్తాడు. అదీ కాక మీ భీమవరంలో పొద్దున టీ కొట్టు దగ్గర అన్నమాట మధ్యాహ్నం భోజనాల టైముకి ఆకివీడులో ఉంటది, లింక్‌డిన్ దాకా ఎందుకు.

పంటకాలవ_పెద్దాయన:

ఆయ్, ఇన్ని సంగతులున్నాయాండి దీనికి. నేను పాతికేళ్లుగా ఈ లైన్లో ఉన్నాను, టైగర్ రొయ్య రోజుల్నుంచి, 2009లో వనామీకి పర్మిషన్ ఇచ్చినప్పట్నుంచి అన్నీ చూశాను, ఒక్క టెక్నీషియన్ని కూడా కంప్యూటర్లో చూసి పెట్టుకోలేదు. ఫలానా వాళ్లబ్బాయి బాగా చూస్తాడండి అని ఒక ఫోను, అంతే. బాబూ, నీకు ఉద్యోగం కావాలంటే నలుగురు డీలర్లతో మంచిగా ఉండు, రైతు పిలిచినప్పుడు అర్ధరాత్రి అయినా ఆక్సిజన్ పడిపోయిందంటే వెళ్లు. ఆ పేరే నీ ప్రొఫైలు. ఈ ఫొటోలు, చక్రాలు, సాఫ్ట్‌వేర్ వాళ్ల సరదాలండి ఇవి.

క్వాలిటీ_కాకినాడ:

పెద్దాయన గారు చెప్పింది ఉండి నుంచి ఆకివీడు దాకా నిజమే అండి, కాదనను. కానీ ఈ అబ్బాయి అడిగేది పక్కూరి చెరువు కాదు కదా. నేను కాకినాడ దగ్గర ఒక ఎక్స్‌పోర్ట్ ప్లాంట్‌లో క్వాలిటీలో చేస్తాను, మా దగ్గర మనిషిని తీసుకునేటప్పుడు ఫోన్లో ఎవరో చెప్పినా సరే హెచ్ఆర్ వాళ్లు వెంటనే పేరు కొట్టి చూస్తారు. అంటే ఫోను తలుపు తీస్తది, కుర్చీ వేసేది మాత్రం ఆ పేజీలో ఏముందో చూశాకే. నాకు రెండూ కావాలి అనిపిస్తది, ఒకటి ఉంటే ఇంకోటి అక్కర్లేదు అనేది ఒప్పుకోను.

బ్రదర్, నీకు ప్లాంట్ క్వాలిటీలోకి రావాలనుంటే ఒక మాట. నువ్వు ఐక్యూఎఫ్ (రొయ్యల్ని విడివిడిగా గడ్డకట్టించడం) తెలుసు, గ్రేడింగ్ తెలుసు అని రాయకు, అవి నువ్వు చెయ్యలేదు, ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతావు. హెచ్ఏసీసీపీ (ఫుడ్ సేఫ్టీ పద్ధతి) కూడా అంతే, ట్రైనింగ్ అయితేనే పెట్టు, అవ్వకపోతే ఒక కోర్సు చేసి అప్పుడు పెట్టు. మా ప్లాంట్‌లో ఉన్న కుర్రాళ్లకి అవన్నీ వచ్చు, వాళ్లకి రానిది వేరే ఉంది, చెరువు. సరుకు రిసీవింగ్‌కి వచ్చాక యాంటీబయాటిక్ టెస్ట్‌లో పాజిటివ్ వచ్చిందంటే ఆ చెరువులో ఏం వాడారు, ఎప్పుడు వాడారు, ఎవరి సలహా మీద వాడారు అని వెనక్కి వెళ్లి పట్టుకోవాలి కదా, అది పట్టుకోగలిగేవాడు గట్టు మీద తిరిగినోడే. నైట్రోఫ్యూరాన్లు, క్లోరాంఫెనికాల్ లాంటి నిషేధించిన మందులు పొరపాటున తగిలినా కంటైనర్ వెనక్కొస్తది, ఆ భయంతోనే మేం రోజూ బతుకుతాం. యూరప్ సరుక్కైతే పట్టుబడికి (రొయ్యలు పట్టడానికి) ముందు పీహెచ్‌టీ, అంటే ప్రీ హార్వెస్ట్ టెస్ట్ శాంపిల్ వెళ్లాలి. నువ్వు ఎప్పుడన్నా రైతు చేత ఆ శాంపిల్ ఇప్పించావా? పాండ్ రికార్డు బుక్కు రాయించావా? మందుల లిస్టు చూసి ఇది వద్దు అని ఆపించావా? ఇవి చేసుంటే ఇవే రాయి, ట్రేసబిలిటీ, పాండ్ రికార్డ్స్, ప్రీ హార్వెస్ట్ టెస్ట్ అనే మాటలు పడేలా. ఫీల్డ్ సైడు నుంచి వచ్చే ప్రొఫైళ్లలో ఈ మాటలు నాకైతే దాదాపు కనపడవు.

ఇంకోటి, సౌదీ అన్నావు గదా. ఉండి ఆకివీడు చెరువులు చాలామటుకు తక్కువ ఉప్పు నీళ్లు, బోరు నీళ్లు, మినరల్స్ కొట్టుకుంటూ నెట్టుకొస్తాం. ఎర్ర సముద్రం పక్కన ఫారాల్లో ఉప్పదనం 40 పీపీటీ, అంటే లీటరుకి దాదాపు 40 గ్రాముల ఉప్పు, దగ్గర్లో ఉంటది, అక్కడ ప్రాబ్లమ్స్ వేరే. నువ్వు లో సెలినిటీ కల్చర్ అని స్పష్టంగా రాస్తే ఆ సౌదీ వాడు పక్కన పెట్టొచ్చు, కానీ ఇండియాలో లోపలి జిల్లాల్లో ఫారాలు పెట్టే వాళ్లకి, పంజాబ్ హర్యానాలో ఉప్పు నేలల్లో వనామీ వేసే వాళ్లకి నువ్వే కావాలి. ఎవరికి నచ్చాలో ముందు నువ్వు తేల్చుకో, అందరికీ నచ్చేలా రాస్తే ఏదీ తగలదు.

గట్టుమీద_టెక్నీషియన్:

అక్కా, సర్, చాలా థాంక్స్ అండి. పీహెచ్‌టీ శాంపిళ్లు చాలాసార్లు దగ్గరుండి ఇప్పించాను, అది రాసుకునే సంగతి అని నాకు తట్టనే లేదు. పెద్దాయన గారూ మీ మాట కూడా మనసులో పెట్టుకున్నానండి. రాత్రి కూర్చుని ఇలా రాశాను, ముందు తెలుగులో పెడుతున్నా, ఇంగ్లీష్ తర్వాత చూసుకుంటాను:

"పశ్చిమ గోదావరిలో వనామీ రొయ్యల రైతులకి ఫీల్డ్‌లో టెక్నికల్ సపోర్ట్ ఇస్తున్నాను. చేరకముందు మా సొంత 2 ఎకరాల్లో తక్కువ ఉప్పు నీళ్లలో కల్చర్ చేశాను, ఎకరాకి లక్ష సీడ్, మంచి పంటలో 95 రోజులకి 50 కౌంట్, రెండెకరాలకీ కలిపి 3 టన్నులు, ఎఫ్‌సీఆర్ 1.4. ఇప్పుడు రోజూ డీవో (నీళ్లలో ఆక్సిజన్), పీహెచ్, ఆల్కలినిటీ, అమ్మోనియా చూడ్డం, చెక్ ట్రే బట్టి మేత తగ్గించడం పెంచడం, జబ్బు అనుమానం వస్తే శాంపిల్ పీసీఆర్ ల్యాబ్‌కి పంపడం, పట్టుబడికి ముందు పీహెచ్‌టీ శాంపిల్ ఇప్పించడం, పాండ్ రికార్డులు రాయించడం నా పని. నేను హార్డ్ వర్కింగ్, టీమ్ ప్లేయర్, నిజాయితీ గల వ్యక్తిని. ఫలానా ఫలానా రైతుల చెరువులు నేనే చూస్తాను. ఫోన్ నంబర్:"

ఇక్కడ రైతుల పేర్లు, నంబర్ తీసేశాను గానీ అక్కడ పెడదామనుకుంటున్నా. మరి ఎలా ఉంది?

కొబ్బరాకు:

ఇదిగో ఇప్పుడు మనిషి కనపడ్డాడు! ఏఐ వాడు రాసిన దానికీ దీనికీ పోలికే లేదు. ఇంగ్లీష్‌లోకి మార్చేటప్పుడు కూడా ఈ పొట్టి వాక్యాలే ఉంచు, గ్రామర్ సరిచూడమని ఏఐకి ఇవ్వు పర్లేదు గానీ "అందంగా రాయి" అని మాత్రం అనకు, మళ్లీ ప్యాషన్ తెచ్చి పెడతాడు.

తీసెయ్యాల్సినవి. హార్డ్ వర్కింగ్ నిజాయితీ లైన్ మొత్తం తీసెయ్. రైతుల పేర్లు అస్సలు వద్దు, వాళ్లని అడక్కుండా వాళ్ల పేర్లు నెట్లో పెట్టే హక్కు మనకి లేదు, పైగా అది మీ కంపెనీ కస్టమర్ లిస్టు, కొత్త కంపెనీ వాడు అది చూసి ముచ్చటపడడు, రేపు మా లిస్టూ ఇలాగే పెడతాడు అనుకుంటాడు. ల్యాబ్ రిపోర్టుల ఫొటోలు ప్రొఫైల్‌లో ఫీచర్డ్ అనే చోట పెట్టేవాళ్లున్నారు, అది కూడా అంతే, చెయ్యకు. ఫోన్ నంబర్ అబౌట్‌లో (మన గురించి రాసుకునే చోట) పెడితే లోన్ యాప్ వాళ్లు, ఇన్సూరెన్స్ వాళ్లు చంపేస్తారు, కాంటాక్ట్ ఇన్ఫోలో విడిగా మెయిల్ ఐడీ పెట్టు చాలు.

అబౌట్‌లో 2600 అక్షరాలు రాయొచ్చు గానీ అంతా నింపక్కర్లేదు, పైన రెండు మూడు లైన్లే తెరవకుండా కనపడేది, కాబట్టి సొంత చెరువు సంగతి మొదటి లైన్లోకి ఎక్కించు. ఉద్యోగం చేసేవాళ్లు వందమంది ఉంటారు, అది నీకే ఉంది.

ఫొటో: ఎవరిదో భుజం ఉన్నది వద్దు, ఎండ మొహం మీద సూటిగా పడని టైములో, వెనక సాదా గోడ ఉండేలా, భుజాల పైనుంచి తీయించుకో, మామూలు చొక్కా చాలు, కోటు అద్దెకి తెచ్చుకోకు. గట్టు మీద ఏరియేటర్లు తిరుగుతున్న ఫొటో ఉంటే అది వెనక బ్యానర్‌కి పెట్టు, బాగుంటది, ఎవరి చెరువో గుర్తుపట్టే బోర్డు మాత్రం పడకూడదు. ఆధార్‌తో డిజిలాకర్ ద్వారా వెరిఫై చేసుకోమంటాడు, ఫ్రీయే, చేసుకో, ఈ మధ్య ఫేక్ ప్రొఫైళ్లు ఎక్కువై మేం కూడా ఆ టిక్కు చూస్తున్నాం.

రికమెండేషన్ ఒక్కటైనా తెచ్చుకో, స్కిల్స్ పక్కన ఊరికే నొక్కే ఎండార్స్‌మెంట్లు కాదు, ఎవరో నాలుగు లైన్లు రాసేది. కాలేజీ మేడం గానీ, కంపెనీ మారిపోయిన పాత మేనేజర్ గానీ అయితే మంచిది. అడిగేటప్పుడు ఊరికే రాయండి అనకు, ఫలానా పంటలో నేను చేసింది గుర్తుంటే దాని గురించి రాయండి అను, లేకపోతే వాళ్లు కూడా హార్డ్ వర్కింగే రాస్తారు.

క్వాలిటీ_కాకినాడ:

ఫొటో విషయంలో నేను ఒప్పుకోను మేడం 🙂 మా లైన్లో గట్టు మీద నిలబడి చేతిలో చెక్ ట్రే పట్టుకున్న ఫొటో అయితేనే నేను ఆగి చూస్తాను. సాదా గోడ ముందు ఫొటో బ్యాంకు క్లర్కుదీ అలాగే ఉంటది. మొహం తెలియాలి అంతే, వెనక చెరువుంటే తప్పేంటి? లుంగీ మాత్రం వద్దులే బ్రదర్.

కొబ్బరాకు:

సరే మీ లైన్ మీది, లిస్టులో ఆ ఫొటో వేలి గోరంత కనపడతదండి, అందులో చెక్ ట్రే పట్టుకున్నాడో పళ్లెం పట్టుకున్నాడో మాకు తెలీదు. మొహం పెద్దదిగా ఉంటే చాలు, వెనక ఏదైనా మీ ఇష్టం.

రాజోలు_రిటర్న్:

ఇది చదివి ఊరుకోలేక రాస్తున్నా. తమ్ముడూ, ప్రొఫైల్‌లో సౌదీ, ఒమన్ అని ఎక్కడన్నా రాశావంటే వారంలో మెసేజ్‌లు మొదలవుతాయి చూసుకో, పెద్ద కంపెనీ లోగో, టై కట్టుకున్న ఫొటో, సార్ మీ ప్రొఫైల్ షార్ట్‌లిస్ట్ అయింది వీసా ప్రాసెసింగ్‌కి ఇంత కట్టండి అని. మా కోనసీమలో గల్ఫ్ ఏజెంట్ల దెబ్బ తిన్న ఇళ్లు వీధికి ఒకటి ఉంటాయి, ముందు వాడు ఊరికొచ్చి మోసం చేసేవాడు, ఇప్పుడు లింక్‌డిన్‌లో వస్తున్నాడు, అంతే తేడా. డేటా ఎంట్రీ జాబ్ అని చెప్పి కాంబోడియా తీసుకెళ్లి సైబర్ మోసాలు చేయించిన కేసు 2024లో వైజాగ్ పోలీసులు బయటపెట్టారు, గుర్తుండే ఉంటది.

ఏజెంట్ ఎవడన్నా సరే ముందు కేంద్ర ప్రభుత్వం ఈమైగ్రేట్ సైట్‌లో వాడి రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడు. రిజిస్టర్డ్ ఏజెంట్ కూడా సర్వీస్ చార్జి 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు, రసీదు ఇవ్వాలి. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకుందాం అన్నాడా, ఇక మాట్లాడొద్దు. మన రాష్ట్ర ప్రభుత్వానిది ఓమ్‌క్యాప్ అని ఒకటుంది, విదేశీ ఉద్యోగాలకి, అది కూడా ఒకసారి చూడు. ఇక ప్రొఫైల్‌లో ఓపెన్ టు రీలొకేట్ అని ఉంటే చాలు, దేశాల పేర్లు ఎందుకు.

నరసాపురం_లేసు:

మధ్యలో దూరుతున్నా ఏమనుకోకండి. మా ఇంట్లో లేసు పని, అమ్మా పిన్నీ అల్లుతారు, నేను ఆర్డర్లు చూస్తాను, 2024లో నరసాపురం లేసుకి జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చాక బయటి వాళ్లు అడగడం మొదలెట్టారు. నాది ఉద్యోగం కాదు కదా, నాలాంటి వాళ్లకి ఈ ప్రొఫైల్ వల్ల ఉపయోగం ఉంటదా అండి? ఇన్‌స్టా అయితే ఉంది.

కొబ్బరాకు:

ఉంటదమ్మా, కాకపోతే నిన్ను వెతికేది నాలాంటి వాళ్లు కాదు, బయ్యర్ కంపెనీల్లో సోర్సింగ్ చూసేవాళ్లు. వాళ్లు హ్యాండ్ క్రోషే, లేస్ సప్లయర్, నరసాపూర్ అని కొడతారు, అవి నీ హెడ్‌లైన్‌లో ఉండాలి. ఎంతమంది అల్లుతారు, నెలకి ఎన్ని పీసులు ఇవ్వగలరు, శాంపిల్‌కి ఎన్ని రోజులు పడతది, తక్కువలో తక్కువ ఎంత ఆర్డర్ తీసుకుంటావు, ఇది అబౌట్‌లో రాయి, ఇన్‌స్టాలో ఎవరూ ఇవి రాయరు. ఫీచర్డ్‌లో దగ్గరగా తీసిన నాలుగు ఫొటోలు, వేరే బయ్యర్ డిజైన్లు కాకుండా మీ సొంతవి. జీఐ గురించి రాసేటప్పుడు, మీరు ఆథరైజ్డ్ యూజర్‌గా రిజిస్టర్ అయి ఉంటేనే మాది జీఐ సరుకు అని రాయి, లేకపోతే నరసాపురంలో చేతితో అల్లింది అని రాస్తే చాలు. ఇంకా ఏమన్నా ఉంటే విడిగా థ్రెడ్ పెట్టు, ఇది ఆ అబ్బాయిది.

గట్టుమీద_టెక్నీషియన్:

పర్లేదండి, నాకూ పనికొచ్చింది. అక్కా ఆఖరి డౌట్, ప్లాంట్ల హెచ్ఆర్ వాళ్లకి కనెక్షన్ రిక్వెస్ట్ పంపేటప్పుడు నోట్ రాయాలా? రాస్తే ఏమని?

కొబ్బరాకు:

ఫ్రీ అకౌంట్‌కి నెలకి కొన్ని నోట్లే రాయనిస్తాడు, కాబట్టి హెచ్ఆర్ వాళ్లకి ఖర్చు పెట్టకు, వాళ్లు ఊరికే కూడా యాక్సెప్ట్ చేస్తారు. ప్లాంట్‌లో క్వాలిటీ మేనేజర్‌కి రాయి. సర్ నేను భీమవరం దగ్గర ఫీల్డ్ టెక్నీషియన్ని, పీహెచ్‌టీ, పాండ్ రికార్డ్స్ చూస్తాను, ప్లాంట్ క్వాలిటీలోకి రావాలనుంది, ఖాళీ ఉన్నప్పుడు చెప్పగలరా, ఇంతే. ఉద్యోగం ఇప్పించండి అని మొదటి మెసేజ్‌లోనే అడక్కు. పైన కాకినాడ సార్ ఉన్నారుగా, మొదటి నోట్ ఆయనకే పంపు.

క్వాలిటీ_కాకినాడ:

పంపు బ్రదర్, కానీ ఫొటో మార్చాకే.